సిపాయిలకు పుస్తకం మాట, శత్రువులకు మా మాట

నాకు కోపం వచ్చినప్పుడు గొంతు పెరగదు, తగ్గుతుంది. నా దగ్గర చదువుకున్నవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. ఆ రోజు మా వరండాలో, హైదరాబాదు నుంచి ఫోన్ చేసిన ఒక మనిషితో నేను మాట్లాడిన మాటలు పక్కనే కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తున్న నా భార్యకు కూడా సరిగా వినపడలేదట. అంత కోపం వచ్చింది. కారణం ప్లాస్టిక్ సిపాయి బొమ్మలు అంటే నవ్వేవాళ్లు ఉంటారు. నవ్వి పోనివ్వవలసిన విషయం కాదు కనుకనే ఇది రాస్తున్నాను.

కుందుర్పి దగ్గర పుట్టాను. తెలుగు ఎం.ఏ. చదివాను. ఈ జిల్లాలోని ఉన్నత పాఠశాలల్లో ముప్పై మూడేళ్లు పనిచేసి ప్రధానోపాధ్యాయుడిగా విరమించాను. ఇప్పుడు కళ్యాణదుర్గంలో కాపురం. ప్రతి పనికీ ఒక వరస ఉండాలని నమ్మేవాణ్ణి. నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు మా వీధిలో బిందెలు ఏ వరసలో నిలబడాలో నేనే కాగితం మీద రాసి స్తంభానికి అంటించాను. మొదట తిట్టుకున్నారు, ఇప్పుడు ఆ వరసలోనే పట్టుకుంటున్నారు.

మా కోడలు ముదిగుబ్బ దగ్గరి పల్లెలో, గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టింది. నేను ముదిగుబ్బలో ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో మా బడిలోనే చదివింది. చాలా ఏళ్ల తర్వాత మా అబ్బాయి ఆమెనే చేసుకుంటానని పట్టుబట్టి చేసుకున్నాడు. ఇప్పుడు అబ్బాయి ఉద్యోగం బయటి ఊళ్లో, ఆమె మా దగ్గరే ఉండి ఇక్కడే ఒక కార్యాలయంలో కంప్యూటరు పని చేస్తోంది. నన్ను "మామా" అని పిలుస్తుంది. కోపం వస్తే మాత్రం పాత అలవాటు ప్రకారం "సార్" అంటుంది.

ఆమెకు ఒక పిచ్చి ఉంది. ఏనాడో విదేశంలో పుట్టిన సిపాయి బొమ్మల దళం ఒకటుంది. జానెడు కూడా ఉండని బొమ్మలు. మోచేతులు, మోకాళ్లు వంగుతాయి. ఆ బొమ్మలు అమ్ముడుపోవడానికి కామిక్స్ వేశారు. కామిక్స్ నడిచాక టీవీలో కార్టూన్లు తీశారు, ఆ తర్వాత సినిమాలు తీశారు, ఇప్పుడు ఫోన్లో చూసే సీరియళ్లు తీస్తున్నారు. ఆమె చిన్నతనంలో ఆమె నాయన ధర్మవరం పోయినప్పుడల్లా, పాత కాగితాల అంగట్లో తూకానికి దొరికే ఆ కామిక్స్ ఒకటో రెండో తెచ్చేవాడట. వాటిలోని ఇంగ్లీషు ఆ పిల్లకు రాదు. బొమ్మలు చూసి కథ తానే అల్లుకునేది. దళంలో రేడియో సిపాయి ఒక ఆడమనిషి. వీపున రేడియో మోసుకుని కొండమీద కూర్చుని, యుద్ధంలో చెల్లాచెదురైన తనవాళ్లను ఒక్కొక్కరినే పిలుస్తుంది. గట్టుమీద నిలబడి మందను పిలిచే పిల్లకు ఆ సిపాయి మీద ప్రాణం పడడంలో వింతేమీ లేదు.

ఆ ప్రాణం ఇప్పటికీ అక్కడే ఉంది. దళం గురించిన వార్తలను తెలుగులో ఇచ్చే పేజీ ఒకటి ఆమె నడుపుతోంది. ఏ కామిక్స్ సంపుటం వస్తోంది, చిత్రకారుడు ఎందుకు మారాడు, ఏ పాత బొమ్మను మళ్లీ పోతపోస్తున్నారు, సినిమా ఎందుకు ఆగింది, ఇలాంటి వార్తలు. ఆదివారాలు వాటినే తన గొంతుతో చదివి పెడుతుంది. గల్ఫులో పనిచేసే మనవాళ్లు కూడా వింటారు.

మొదటిసారి ఆ వార్తలు చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. బొమ్మల వల్ల కాదు, వరస లేకపోవడం వల్ల. జరిగినదీ, జరగవచ్చునన్నదీ, జరిగితే బాగుండుననిపించినదీ ఒకే పేరాలో కలిసిపోయి ఉన్నాయి. కూర్చోబెట్టి నియమాలు చెప్పాను. ఎవరు చెప్పారో తెలియని వార్త వేయకూడదు. ప్రకటన వేరు, వదంతి వేరు. వార్తలో సగం దాచిపెడితే అది అబద్ధంతో సమానం. ముందు కాగితం మీద రాసి నాకు చూపించాలి, తర్వాతే పేజీలో పెట్టాలి. ఆమె అన్నిటికీ తల ఊపింది. అలా ఏడాది లోపల, నాకు తెలియకుండానే, ఆ దళం వ్యవహారాలన్నీ నాకు కంఠస్థమయ్యాయి. ప్రతి బొమ్మ పెట్టె వెనుకా ఆ సిపాయి హోదా, పుట్టిన చోటు, నేర్చిన విద్య ఒక పట్టికలో ఉంటాయి. బడి ప్రవేశ రిజిస్టరు కూడా అంత శుభ్రంగా ఉండదు. కార్టూన్లలో విమానం కూలితే లోపలివాళ్లంతా పారాచూట్లు తెరుచుకుని నవ్వుతూ దిగుతారు. కామిక్స్‌లో చనిపోతారు. నేను కామిక్స్ పక్షం.

ఒక సాయంత్రం ఆమె ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా నిలబడింది.

"మామా, నా గొంతు అడిగినారు."

"ఎవరు?"

"దళం కొత్త సీరియలు తెలుగులోకి తెచ్చేటోళ్లు. ఆదివారం వార్తలు ఇన్నారంట. రేడియో సిపాయికి గొంతు పరీక్ష పంపమన్నారు."

ముప్పై అయిదు దాటిన మనిషి ముఖం ఎనిమిదో తరగతి పిల్ల ముఖంలా ఉంది. ఆ వేషం ఆమెకు రావాలని ఆ క్షణంలో నేను ఆశించినంతగా, నా సొంత పదోన్నతిని కూడా ఆశించలేదు.

అందుకే నాకు తెలిసిన పని మొదలుపెట్టాను. పదిహేను రోజులు, పొద్దున ఆరింటికి, వరండాలో శిక్షణ. "ఒకటో దళం, నా మాట ఇనపడతాండాదా?" అని ఆమె మొదలుపెడితే, "వినపడుతోందా" అని ఆపేవాణ్ణి. "యాడుండారు?" అంటే "ఎక్కడున్నారు" అనిపించేవాణ్ణి. ఆమె ఓపికగా మళ్లీ మళ్లీ చెప్పేది. నా భార్యకు మాత్రం ఓపిక లేకపోయింది.

"ఏమయ్యా, దాని నోట్లో ఉండే పండ్లు పీకి కట్టుడు పండ్లు పెడతాండావా ఏమి?"

"పరీక్షకు పోయేటప్పుడు మంచి బట్టలు కట్టుకోమా? ఇదీ అంతే."

"ఇది కట్టుకునేది బట్టలు కాదు, నీ కోటు. దానికి వదులైతాది."

పదిహేనో రోజున ఫోనులో రికార్డు చేసి పంపిన పాఠంలో ఒక్క తప్పు లేదు. నేను తృప్తిపడ్డాను.

జవాబు వారానికి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక. ఆమె ఫోను స్పీకరులో పెట్టింది.

"అమ్మా, మీ టెస్ట్ విన్నామండీ. వాయిస్ చాలా క్లియర్‌గా ఉంది. కాకపోతే కొంచెం, ఏమనుకోవద్దు, బళ్లో ప్రార్థన చదువుతున్నట్టు ఉందండీ."

ఆమె నా వైపు చూడలేదు. "ఇంకొకసారి పంపేదా అన్నా?"

"వద్దండీ, రేడియో క్యారెక్టర్‌కి వేరే అమ్మాయిని ఫిక్స్ చేసేశాం. కానీ మిమ్మల్ని వదులుకోం. శత్రువుల సైన్యంలో బాంబులు పెట్టే లేడీ ఉంటుంది చూడండి, ఆవిడకి మీరు సూపర్ సెట్ అవుతారు. ఈ టెస్ట్ వాయిస్ కాదు, ఆదివారాలు చదువుతారే, ఆ యాసలో."

"ఆయమ్మ ఒక్కతేనా, శత్రువులంతా మా మాటేనా?"

"మొత్తం బ్యాచ్ అండీ! హీరోల టీముకి నీట్ తెలుగు, విలన్ బ్యాచ్‌కి సీమ. జనం ఈలలేస్తారు."

నేను చెయ్యి చాచి ఫోను తీసుకున్నాను.

"నేను ఈ అమ్మాయి మామగారిని. ఒక సందేహం. ఆ శత్రువులది ఏ ఊరు?"

"ఊరేంటి సార్, ఏదో ఫారిన్ దీవి."

"దీవిలో పుట్టినవాళ్లకు మా మాట ఎలా వచ్చింది?"

"అయ్యో, లాజిక్ కాదు సార్, మాస్! సీమ అనగానే కత్తులు, బాంబులు. ఆ ఫీల్ ఆటోమేటిక్‌గా వచ్చేస్తుంది."

"బాబూ, మా వైపు బాంబు చూసినవాళ్లు ఎందరో నాకు తెలియదు. ఎండిన బోరు చూడనివాడు మాత్రం ఒక్కడూ లేడు. మీ కథలో ఎండిన బోరు పక్కన నిలబడే వేషం ఉంటే, మా మాట దానికి పెట్టండి."

"సార్ భలే జోకులేస్తారు," అని అతను నిజంగానే నవ్వాడు. తర్వాత, సోమవారంలోగా ఏ సంగతీ చెప్పమన్నాడు. ఒప్పుకుంటే దళం వార్తలన్నీ అందరికంటే ముందు ఆమె పేజీకే ఇస్తామన్నాడు. సీరియలు వచ్చేదాకా ఎవరికి ఏ మాట పెట్టారో బయటపెట్టకపోతే చాలునన్నాడు.

ఫోను పెట్టేశాక ఆమె లోపలికి పోయి ఆరిన బట్టలు మడవడం మొదలుపెట్టింది. నేను కాగితాలు తీశాను. గంటన్నరలో నాలుగు పుటల లేఖ తయారైంది. ఒక నేల మాటను నేరస్థుల మాటగా చూపడం ఆ నేల మీది మనుషులందరినీ అవమానించడమేనని రాశాను. దీవివాళ్లకు మా మాట అంటగట్టినవాళ్లకు భూగోళమూ తెలియదు, భాషా తెలియదు అన్నాను. వానలు మొహం చాటేసినా నోరు జారని మర్యాద మా పల్లెలది అన్నాను. నేను రాసిన వాటిలో అంత బలమైన రచన మరొకటి లేదు. ఇది రేపే పేజీలో పెట్టమని ఆమె చేతికిచ్చాను.

నిలబడే చదివింది. రెండోసారి కూర్చుని చదివింది.

"చాలా బాగుండాది సార్."

సార్ అంది. నేను ఎదురుచూశాను.

"ఇది ఏస్తాను. కానీ ఒకటి తక్కువైంది. సగం దాస్తే అబద్ధమే అని మీరే చెప్పినారు కదా."

"ఏం దాచాను?"

"నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు బడి వార్షికోత్సవానికి నాటకం రాసినారు. జ్ఞాపకముండాదా? రాజు, సేనాపతి, రాజకుమారి, దొంగల ముఠా. రాజకుమారి వేషం ఆ కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు కూతురికి ఇచ్చినారు. నాకు దొంగ వేషం ఇచ్చినారు. ఎందుకు సార్ అని అడిగితే, నీ గొంతు గట్టిది, మాట మోటుది, దొంగకు సరిపోతుంది అన్నారు."

నాకు గుర్తు లేదు. అదే చెప్పాను.

"నాకుండాది. రాజు 'ఎవరక్కడ' అంటాడు. దొంగ 'యాడికి పోతాండావురా' అంటాది. నేను చెప్తాంటే అందరూ పడీపడీ నవ్వినారు. మా నాయన మంద ఇంకొకరికి అప్పజెప్పి, తలకు కొత్త గుడ్డ చుట్టుకోని వచ్చినాడు. ఆయనా నవ్వినాడు. ఇంటికి నడిచి పోతాంటే అడిగినాడు, 'పాపా, మనం మాట్లాడేది దొంగలు మాట్లాడినట్ల ఉంటాదా?' అని."

"అది పిల్లల నాటకం. అది వేరు, ఇది వేరు."

"వాళ్లదీ బొమ్మల కథే కదా సార్."

నేను పట్టుదలగా వాదించాను. హాస్యరసానికి లోకభాష వాడడం అనాదిగా ఉన్న పద్ధతి అన్నాను, పాత్రోచితమైన భాష అన్నాను. ఆమె లేఖను నా బల్ల మీద పెట్టి, మళ్లీ బట్టల దగ్గరికి పోయింది. నేను చెప్పులేసుకుని బస్టాండు దాకా నడిచాను. దారి పొడుగునా ఆమె మీదే కోపం. నా బాధలో పాలుపంచుకోవలసిన సమయంలో నా తప్పు వెతికిందని కోపం. బస్టాండు దగ్గర ఒక షేరాటో అతను ఎవరినో అరిచి పిలుస్తున్నాడు. "ఏమప్పా, యాడికి? రా, ఒక్క సీటుండాది." అందులో మోటుదనం ఎక్కడుందో ఎంత విన్నా నాకు అంతుపట్టలేదు. ఎవరో ఒక పెద్దమనిషిని మర్యాదగా పిలిచి కూర్చోబెట్టుకుంటున్నాడు, అంతే.

ఇంటికి వచ్చి ఇనుప పెట్టె తెరిచాను. నా నాటకాలన్నీ సంవత్సరాల వారీగా దారంతో కుట్టి భద్రంగా ఉన్నాయి. భద్రపరచడంలో నేనెప్పుడూ పొరపాటు చేయలేదు. ముదిగుబ్బ నాటకం తీశాను. ఆమె చెప్పినట్టే ఉంది. ఒక్క అక్షరం తేడా లేదు. దొంగ పేరు పక్కన నా చేతిరాతతో "మోటుగా" అని ఉంది. ఆ ఒక్కటే అయితే ఏదో సర్దుకునేవాణ్ణి. మిగతావన్నీ తీశాను. రాజు, గురువు, సిపాయి, డాక్టరు, ఆదర్శ యువకుడు, అందరిదీ పుస్తకం మాట. దొంగ, తాగుబోతు, కాపలావాడు, బఫూను, అందరిదీ మా మాట. పెట్టెలో ఒక్క నాటకం కూడా దీనికి భిన్నంగా లేదు. ఒకదానిలో తాగుబోతు తన కొడుకుతో "సంగటి తింటివా లేదా నాయనా" అని వెక్కిరింపుగా అంటాడు. ఆ వాక్యం మా అమ్మది. నేను బడి నుంచి వచ్చేసరికి రోజూ అడిగే వాక్యం. దాన్ని తాగుబోతు నోట్లో పెట్టి, ఎక్కడ నవ్వులు రావాలో అంచులో గుర్తు కూడా పెట్టాను.

ఎవరో హైదరాబాదులో కూర్చుని చేసిన పని మీద నాలుగు పుటలు రాయగలిగినవాణ్ణి, ఈ నాటకాలను మాత్రం సంవత్సరాల వరసలోనే మళ్లీ పెట్టెలో సర్దిపెట్టాను. ఆ ఫోను మనిషికి మా నేల తెలియదు. అతనికి ఆ సాకు ఉంది. నేను కుందుర్పి వాణ్ణి. నాకు ఏ సాకూ లేదు.

సోమవారం పొద్దున కాఫీ తెచ్చినప్పుడు చెప్పాను. "రాయి. ఒక ప్రధానోపాధ్యాయుడు కూడా ఇదే పని చేశాడని రాయి."

"నేను రాయను మామా. రాస్తే మీరే రాయల్ల."

రాశాను. నాలుగు పుటల చివర ఆ ఒక్క వాక్యానికి పట్టిన సమయం మొత్తం లేఖకు పట్టలేదు. "పాఠశాల నాటకాలలో ఈ పనిని ఈ లేఖ రాసిన నేను కూడా ఏళ్ల తరబడి చేశాను" అని. వాక్యం బాగా కుదరలేదు. కుదిర్చే ప్రయత్నం చేస్తే తప్పు చిన్నదవుతుందేమోనని అలాగే వదిలేశాను.

ఆఫీసుకు పోయేముందు ఆమె ఆ మనిషికి ఫోన్ చేసింది.

"నేను చెయ్యను అన్నా."

"ఎందుకండీ? ఇలాంటి ఛాన్స్ మళ్లీ రాదు."

"రేడియో సిపాయి ఉంటే చెప్పన్నా, నా మాటతోనే చేస్తా. బాంబులామెకు మీ ఊరామెనే పెట్టుకోండి, మీ మాటతో."

ఈసారి అతను నవ్వలేదు. ఫోను పెట్టేశాడు.

ఆ సాయంత్రం పేజీలో రెండు వేసింది. మొదట వార్త. తెలుగు సీరియల్లో దళానికి ఏ మాట పెట్టారు, శత్రువులకు ఏ మాట పెట్టారు, ఇది తనకు ఎవరి ద్వారా తెలిసింది, తనకు ఏ వేషం ఇస్తామన్నారు, తాను ఎందుకు వద్దంది. విశేషణం ఒక్కటి లేదు. దాని కింద నా లేఖ, చివరి వాక్యంతో సహా.

మర్నాడే ఆ సీరియలు సంస్థ ఆమెకు సమాచారం పంపడం మానేసింది. అప్పటిదాకా అందరికీ పంపే సాధారణ ప్రకటనలు కూడా ఇక రాలేదు. దళం వార్తల కోసం ఇప్పుడు ఆమె వేరేవాళ్ల పేజీలు చూసి, వాళ్లనే ఆధారంగా పేర్కొని రాయవలసి వస్తోంది. ఇది నేను ఊహించినదే. ఊహించనిది అభిమానుల జవాబులు. కొందరు సమర్థించారు. కోస్తావాళ్లు కొందరు మర్యాదగా క్షమాపణ కూడా చెప్పారు. అన్నిటికంటే కడుపు మండించినవి మా జిల్లావాళ్లు రాసినవి. "అక్కా, మన మాట ఇంటర్నేషనల్ అయితాంటే నీకేం నొప్పి?" అని ఒకడు. "విలన్ అంటే మనోడే, హీరో ఎవడికి కావల్ల?" అని ఇంకొకడు. "ఆ సారు ఎవరో గానీ నాటకాలు బాగానే రాసినాడు, మళ్లీ ఈ ఏడుపెందుకు?" అని మరొకడు. ప్రతి ఒక్కడికీ జవాబు రాయాలని కూర్చున్నాను. రాయలేదు. వాళ్లలో నా దగ్గర చదువుకున్నవాళ్లు ఉండవచ్చు. వేదిక మీద మన మాట వినపడితే వచ్చేవాడు దొంగేనని, అందుకు ఈల వేయాలని వాళ్లకు ఎవరో ఒకరు నేర్పి ఉండాలి కదా.

సీరియలు వచ్చింది. ఆదివారం పొద్దున టీవీలో పెట్టుకుని ముగ్గురం చూశాం. బాంబులు పెట్టే ఆడమనిషి నోరు తెరవగానే నా భార్య ఒలుస్తున్న వెల్లుల్లి పక్కన పెట్టింది.

"ఇదేం మాటే తల్లీ! మాటమాటకీ ఉండాది, ఉండాది అంటాది. మనోళ్లు ఎవురే ఇట్ల మాట్లాడేది?"

"ఎవురూ మాట్లాడరు అత్తా," అంది కోడలు. నోటు పుస్తకంలో ఏదో రాసుకుంది.

తర్వాత రేడియో సిపాయి వచ్చింది. కొండమీద, వీపున రేడియోతో. ఆ గొంతు బాగాలేకపోవాలని నేను మనసారా కోరుకున్నాను. బాగుంది. అలసట, భయం, పట్టుదల, మూడూ ఒక్క పిలుపులో పలికాయి. నేను కోడలి వైపు చూశాను. ఆమె రెప్పవేయకుండా చూస్తోంది. సగం భాగం అయ్యేదాకా కాగితం మీద చెయ్యి కదలలేదు.

అయిపోయాక, ఆ వారం వార్తలు రాయడానికి కూర్చుంది.

"ఆ పాప శానా బాగా చెప్పింది మామా."

"అది రాయనక్కరలేదు. శత్రువుల మాట గురించి రాస్తే చాలు."

"బాగా చెప్పింది కదా?"

"అది నీకు రావలసిన వేషం."

"అవును," అంది. కళ్లలో నీళ్లున్నాయి, గొంతులో లేవు. "నాకు రావల్సిందే. అయినా ఆ పాప బాగా చెప్పింది. తప్పు చేసింది ఆయమ్మ కాదు."

కాగితం నా ముందుకు వచ్చింది. శత్రువులకు పెట్టిన మాట ఎక్కడెక్కడ ఎలా తప్పిందో నిమిషాలతో సహా ఉంది. దానికంటే ముందు, మొట్టమొదటి వాక్యంగా, రేడియో సిపాయి గొంతు దళం అభిమానులు ఎన్నాళ్లుగానో ఊహించుకున్నట్టే ఉందని ఉంది. ఆ వాక్యం కొట్టేయాలని నా చెయ్యి పోయింది. కొట్టేయడానికి నా కోపం తప్ప వేరే కారణం దొరకలేదు. వార్తలో అక్షరదోషాలు కూడా లేవు. కాగితం తిరిగి ఆమెకు ఇచ్చేశాను.